ద్రాక్షాపాకం గురించి కొన్ని సందేహాలు

ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని నేను తరగతిలో పాఠం చెప్పటం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. ప్రశ్నపత్రంలో అది నాలుగు మార్కుల ప్రశ్న. అలంకారశాస్త్రం పేపరులో అంత తేలికైన ప్రశ్న మరొకటి లేదు గనక విద్యార్థులు దాన్ని వదిలిపెట్టరు. ద్రాక్షపండు నోట్లో వేసుకున్న మరుక్షణం రసం. అరటిపండుకైతే తొక్క ఒలిచేపాటి శ్రమ. కొబ్బరికాయకు పీచు తీయాలి, పగలగొట్టాలి, అప్పటికిగాని లోపలిది దక్కదు. కవిత్వమూ ఇంతే. ఈ మాట రాసి, ఒక్కో పాకానికి ఇద్దరేసి కవుల పేర్లు తగిలిస్తే నాలుగుకు నాలుగూ వేస్తాం. నేనూ వేస్తూ వచ్చాను.

నిజానికి నా చిన్నతనంలో మా ఇంట్లో ద్రాక్షపళ్ళంటే జ్వరం. ఎవరైనా మంచం పట్టి నెల్లూరు ఆసుపత్రిలో చేరితే తప్ప ఆ పండు మా గడప తొక్కేది కాదు. రోగి తినగా మిగిలినవి నాలుగు పిల్లల చేతుల్లో పడేవి. అరటి చెట్టూ, కొబ్బరి చెట్టూ మాత్రం మా పేటలో ఎవరి పెరట్లోనయినా ఉండేవి. అంటే శాస్త్రకారుడు సులభమైనదానికి గుర్తుగా ఎంచుకున్న పండు మాకు అన్నిటికంటె దుర్లభం. కష్టసాధ్యమన్నది మా కత్తి వేటుకు అందేది. ఈ తిరకాసు పదేళ్ళపాటు పాఠం చెబుతున్నా నాకు తట్టలేదు. చివరకు తట్టింది ఎక్కడయ్యా అంటే, కేప్‌టౌనుకు యాభై కిలోమీటర్ల దూరాన స్టెలెన్‌బాష్ అనే ఊరి దగ్గర ఒక ద్రాక్షతోటలో, చేత ఎర్ర వైను గ్లాసు పట్టుకొని నిలబడ్డప్పుడు.

అక్కడికి నేనెందుకు పోయానో చెప్పాలి. డర్బనులో తెలుగు పిల్లలకు సెలవు రోజుల్లో తెలుగు నేర్పే కొందరు పెద్దలు, పాఠాలు చెప్పేవారికి రెండు వారాలు శిక్షణ ఇమ్మని పిలిచారు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ డర్బను రేవు చేరింది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది మన దేశం నుంచి ఆ చెరుకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవున ఓడ ఎక్కినవాళ్ళే. ఆ కూలీల మునిమనవళ్ళకు నేను గుణింతాలు ఎలా చెప్పాలో చెప్పివచ్చాను. ఆ కథ వేరే రాయవలసినది. తరగతులు ముగిశాక, నాతోపాటు ఎం.ఏ.లో చేరి మధ్యలో కంప్యూటర్ల వైపు మళ్ళి, ఇప్పుడు కేప్‌టౌనులో ఉద్యోగం చేస్తున్న మిత్రుడొకడు తన దగ్గరికి రమ్మన్నాడు.

"ఒరే, ఇంత దూరం వచ్చి వైను రుచి చూడకుండా పోతావా? రసం, ఆస్వాదన అని గొంతు చించుకునేది మీరే గదా!" అన్నాడు.

నేను తాగను. గొప్పకు చెబుతున్నమాట కాదిది. కారణం ముందు తెలుస్తుంది. వాడికీ ఆ సంగతి తెలుసు. "తాగనక్కరలేదురా. నోట్లో తిప్పి ఊసెయ్యి. అక్కడ అదే పద్ధతి" అన్నాడు.

పద్ధతి నిజంగా అదే. బల్లమీద గ్లాసుల పక్కన ఒక లోతయిన పాత్ర పెట్టారు. రుచి చూసేవారు చూసి అందులో ఉమ్మాలి. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుందిగాని నాకు చప్పున స్ఫురించింది కాళాంజి. మన ప్రబంధాల్లో రాజు తాంబూలం వేసుకుంటుంటే పక్కన ఒక స్త్రీ కాళాంజి పట్టుకొని నిలబడుతుంది. ఆమె కళ్ళూ నడుమూ వర్ణించారుగాని, అంతసేపు నిలబడితే చేతులు నొప్పి పుట్టేవా అని అడిగిన కవి నాకు తగలలేదు. ఇక్కడ ఆ పాత్రను మా ముందుకు జరిపిన స్త్రీకి యాభై ఏళ్ళుంటాయి. మట్టిరంగు మనిషి. మాట నెమ్మది. వైను గురించి ఆమె చెప్పిన తీరు, నేను కావ్యం గురించి చెప్పే తీరు కంటె ఎంతో స్పష్టంగా ఉందని ఒప్పుకోవాలి.

ఆమె చివరగా పోసింది పినోటాజ్ అనే ద్రాక్షతో చేసిన వైను. ఇది ఆ దేశంలోనే పుట్టిన రకం. 1925లో స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో ద్రాక్షసాగు ఆచార్యుడు ఏబ్రహాం పెరోల్డ్ పినో నోయిర్ అనే రకాన్ని, అక్కడివారు హెర్మిటేజ్ అని పిలుచుకునే సిన్సో రకంతో సంకరం చేశాడు. వచ్చినవి నాలుగు గింజలు. వాటిని తన ఇంటి తోటలో నాటి, 1927లో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. తోటలో కలుపు పెరిగి, దాన్ని శుభ్రం చెయ్యటానికి మనుషులు దిగారు. అదే వేళకు సైకిలు మీద అటు పోతున్న చార్లీ నీహౌస్ అనే కుర్ర లెక్చరర్ ఆ నాలుగు మొక్కల సంగతి ఎరిగినవాడు గనక ఆపి, వాటిని బతికించాడని చెబుతారు. సీసామీద పినోటాజ్ అన్న పేరుతో మొదటి వైను బజారుకు వచ్చింది 1961లో. లెక్చరర్ అన్నవాడు లోకానికి పనికివచ్చిన సందర్భాలు తక్కువ గనక ఈ ముక్క వదలకుండా రాస్తున్నాను.

గ్లాసు వెలుగుకు పట్టి చూడమంది. దాదాపు నల్లగా ఉంది; అంచున మాత్రం ఊదా. గుండ్రంగా తిప్పితే గాజు గోడలమీద సన్నటి ధారలు మెల్లిగా జారాయి. ఫ్రెంచివాళ్ళు వాటిని కన్నీళ్ళంటారట. వాసన చూసి ఏమనిపించిందో చెప్పమంది. మిత్రుడు అలవాటు ప్రకారం ప్లమ్ పండు, మల్బరీ, దేవదారు చెక్క అని వరసగా చెప్పాడు. నేను ప్లమ్ పండు చెట్టున ఎన్నడూ చూసినవాణ్ణి కాను. కళ్ళు మూసుకుంటే నాకు కనిపించింది నేరేడు చెట్టు. దాని వెనక ఎక్కడో పొయ్యిలో తడి కట్టె పొగ. నేరేడు అని చెప్పటానికి ఇంగ్లీషు మాట కోసం తడుముకొని, డర్బనులో రోడ్డు పక్కన చూసిన చెట్టును వర్ణించాను. మన వలస కూలీల కాలం నుంచీ ఆ ప్రాంతంలో నేరేడు ఉంది. ఆమె నవ్వి, "నీకు ఏది తెలుసునో అదే నీకు వాసన వస్తుంది. తప్పులేదు" అంది. సహృదయుడి నిర్వచనం చెప్పటానికి నేను తరగతిలో ఒక గంట తీసుకుంటాను.

తరువాత నోట్లో పోసుకున్నాను. తీపి ఉంటుందనుకున్నానుగాని, లేదు. ముందు పులుపు, అది క్షణంలో పోయింది. తరువాత నాలుక మీద ఒక బరువు. పలచటి చారు తాగేవాడికి ఒక్కసారిగా చిక్కటి పులుసు పోసినట్లు. ఆ వెనుక వగరు, చిగుళ్ళ దాకా, దవడల దాకా. నోరు ఎండబెట్టినట్లయింది. ఉమ్మేశాను. ఉమ్మిన తరువాతనే అసలు సంగతి మొదలయింది. నేరేడుపండు తిన్న అరగంటకు నాలుకమీద మిగిలే తియ్యదనం వంటిదేదో, లేదనుకున్నచోటి నుంచి, మెల్లిగా వచ్చింది.

మన షడ్రుచుల్లో వగరు ఒకటి. వంటలో దానికి అన్నిటికంటె తక్కువ గౌరవం. ఉగాది పచ్చడిలో మామిడి పిందె కోసం దాన్ని ఏడాదికొకసారి తలుచుకుంటాం. కాని ఈ వైనుకు ఒళ్ళు నిలిపేది అదే. నల్లద్రాక్షలో చాలా రకాలకు లోపలి రసం నీళ్ళలాగే ఉంటుంది. పిండి తొక్కలు వెంటనే తీసేస్తే వాటితో తెల్ల వైను చేయవచ్చు. ఎరుపూ వగరూ వచ్చేవి తొక్కలోనుంచీ గింజలోనుంచీ. చిదిపిన పళ్ళను తొక్కలతో సహా తొట్టిలో పోస్తారు. ఈస్టు అందులోని చక్కెరను తిని ఆల్కహాలూ కార్బన్ డయాక్సైడూ పుట్టిస్తుంది. ఆ వాయువు తొక్కలన్నిటినీ పైకి తోసి దళసరి మీగడలాగా కడుతుంది. దాన్ని రోజుకు కొన్నిసార్లు కిందికి ముంచుతూ ఉండాలి, లేకపోతే రంగు దిగదు. ముంచేవాడు అజాగ్రత్తగా వంగితే ఆ వాయువుకు ఊపిరాడక తొట్టిలో పడి చచ్చిపోయిన సందర్భాలు వైను చేసే దేశాలన్నిటిలోనూ ఉన్నాయి. తొక్కల్లోని టానిన్లు లాలాజలంలో ప్రొటీన్లను పట్టుకోవటంవల్ల నోటి జారుడు పోతుంది; దాన్నే మనం వగరంటున్నాం. నేరేడులో, వక్కలో, కరక్కాయలో ఉన్నదీ ఆ జాతిదే.

ద్రాక్షాపాకం గురించి నా సందేహం ఇక్కడ పుట్టింది. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో ఉండి ప్రతాపరుద్రీయం రాసిన విద్యానాథుడు, లోపలా బయటా రసం తొణికేది ద్రాక్షాపాకమనీ, రసం లోపల దాగినది నారికేళపాకమనీ అన్నాడు. మనం వల్లించేది ఈ లెక్క. కాని ఆయనకు నాలుగు వందల ఏళ్ళ ముందు రాజశేఖరుడు కావ్యమీమాంసలో తొమ్మిది పాకాలు చెప్పాడు. వేప, రేగు, ద్రాక్ష, వంకాయ, చింత, మామిడి, వక్క, దోస, కొబ్బరి. మొదట రుచి ఎట్లా ఉంది, చివరకు ఎట్లా పరిణమించింది అన్నది ఆయన కొలత. ఆ కొలత ప్రకారం ద్రాక్ష మొదట రుచించనిది, చివరకు రుచించేది! కొబ్బరికాయేమో మొదటా చివరా కూడా రుచే. అంటే ఈ రెండు పళ్ళకు మనం నేర్పుతున్న అర్థాలు ఆయన దగ్గర తలకిందులుగా ఉన్నాయి. ఎం.ఏ.లో ఈ రెండు గ్రంథాలూ చదివాను. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన రాలేదు. విద్యానాథుడిది పండు తినేవాడి ద్రాక్ష అనీ, రాజశేఖరుడిది కాచి, పండి, కాలంతో మారే ద్రాక్ష అనీ నాకు తోస్తున్నది. పండితులు దీన్ని ఖండించవచ్చు. నాకేమీ పట్టుదల లేదు. పట్టుదల ఉన్నది మరొక విషయంలో.

1943లో తెనాలిలో సంఘం ఏర్పడిన నాటినుంచీ మనలో ఒక వాదం నడుస్తున్నది. కవిత్వం జనానికి అర్థం కావాలి అన్నది. ఆ మాటతో నాకు పేచీ లేదు. కాని అర్థం కావటం అంటే నోట్లో వేసుకోగానే కరిగిపోవటం అన్నట్లు కొంతమందిమి తీర్పులు చెబుతూ వచ్చాం. ఆ కొంతమందిలో నేనున్నాను. రెండేళ్ళ క్రితం ఒక కుర్రవాడి కవితల పుస్తకాన్ని ఇటువంటి పేజీల్లోనే సమీక్షిస్తూ, ఇది నారికేళపాకం, శ్రమజీవులకు కొరుకుడు పడదు, మధ్యతరగతి గొణుగుడు అని రాసేశాను. అతను కూలి కుటుంబం నుంచి వచ్చినవాడు. నాకు కొరుకుడు పడని మాటల్లో సగం కోతలవి, కుప్పనూర్పిళ్ళవి, పశువుల జబ్బులవి. అవి నా తల్లి మాటలే, నేను మరిచినవి. నాకు తెలియకపోవటాన్ని జనానికి తెలియకపోవటంగా రాశాను. అతను జవాబు రాయలేదు. ఆ తరువాత అతని కవితలు నాకెక్కడా కనబడలేదు.

దీన్నిబట్టి కఠినమైనదల్లా గొప్పదని అనబోవటం లేదు. ఆది నుంచి అంతం దాకా రుచి లేని వేపపాకాన్ని పారేయమని రాజశేఖరుడే చెప్పాడు. వగరు చివరకు ఏమవుతున్నదో ఆగి చూడకుండా ఉమ్మేసే పాఠకుణ్ణి గురించి, అంటే నన్ను గురించి, చెబుతున్నాను. శ్రమచేసే మనిషి నాలుకకు వగరు కొత్తకాదు. తీపికి అలవాటుపడింది మా బోటి నెలజీతగాళ్ళ నాలుక.

గ్లాసులో ఇంకా సగం ఉంది. మిత్రుడు బయటికి పోయి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమె ఖాళీ గ్లాసులు తుడుస్తూ, నేనెందుకు మింగటంలేదని అడిగింది. మతమా అంది. కాదన్నాను. మా నాయన అన్నాను. ఆమె గుడ్డ పక్కన పెట్టింది.

"మాది మా తాత" అంది.

ఆమె తాత ఆ లోయలోనే ఒక తోటలో పాలేరు. డాప్ అని ఒక ఏర్పాటుండేది. కూలిలో కొంత భాగం వైనుగా ఇవ్వటం. పొద్దున తోటలోకి దిగేముందు ఒక రేకు మగ్గుడు, మధ్యలో మరికొన్నిసార్లు, పొద్దుగూకాక ఇంకొకటి. అమ్మటానికి పనికిరాని వైను దానికి వాడేవారు. ఆమె తాత రోజుకు ఐదు మగ్గులు తాగేవాడట. 1960వ దశకంలో చట్టం దీన్ని నిషేధించినా, 1990వ దశకం దాకా అక్కడక్కడ సాగుతూనే వచ్చింది. గర్భంలో ఉండగానే మద్యం దెబ్బ తగిలిన పిల్లలు ప్రపంచంలో అందరికంటె ఎక్కువగా పుట్టే ప్రాంతాల్లో ఆ రాష్ట్రం ఒకటని వైద్యులు లెక్క తేల్చారు. తాగటం వాళ్ళ స్వభావమని తోటల యజమానులు చాలాకాలం చెప్పుకున్నారు. మన దగ్గరా ఈ మాట వినని వారుండరు.

ఆ తోటలకు ముందునుంచీ ఉన్న చరిత్ర ఇంకొకటి ఉంది. కేప్‌లో మొదటి వైను పిండినది 1659 ఫిబ్రవరి 2న అని డచ్చి కంపెనీ అధికారి వాన్ రీబెక్ తన దినచర్యలో రాసుకున్నాడు. దానికి ముందటి సంవత్సరమే బానిసల ఓడలు రావటం మొదలయింది. 1808 లోపల అక్కడికి తెచ్చిన బానిసలు అరవై వేలకు పైగా ఉంటారనీ, వారిలో దాదాపు నాలుగో వంతు మన ఉపఖండం వారనీ చరిత్రకారుల అంచనా. రికార్డుల్లో వాళ్ళ పేర్ల వెనక వాన్ బెంగాలెన్, వాన్ మలబార్, వాన్ కోరమాండెల్ అని ఉంటుంది. కోరమాండెల్ అంటే మన కోస్తా. పులికాట్‌లో డచ్చివాళ్ళ గెల్డ్రియా కోట 1613 నాటిది. కరువు వచ్చిన ఏళ్ళలో ఆ రేవుల్లో మనుషులు చవక. బటావియాకు, సింహళానికి, కేప్‌కు ఎగుమతి అయ్యారు. మా ఊరి నుంచి పులికాట్ సరస్సు రెండు గంటల బస్సు ప్రయాణం. ఈ సంగతి ఆమెకు చెప్పాను. "మా అమ్మమ్మ జుట్టు నీ జుట్టు లాగే ఉండేది" అని ఊరుకుంది. అంతకంటె రుజువు ఏమీ లేదు. మేమిద్దరం అడగనూ లేదు.

తిరిగి నా వంతు వచ్చింది గనక చెప్పాను. మా నాయన వరి పొలాల్లో కూలి. అక్కడ కూలిలో వైను కలిపి ఇచ్చారు. మా ఊళ్ళో కూలి డబ్బుగానే ఇచ్చేవారు, అది ఇంటికి చేరకముందే సారా దుకాణం పద్దుకింద జమ అయ్యేది. సారా పాటల డబ్బు సర్కారుకు పోయేది. దారి వేరేగాని చేరే చోటు ఒకటే. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు మా అమ్మ రాత్రి బడికి పోయేది. నాకప్పుడు నాలుగేళ్ళు, ఆమె ఒళ్ళో పడుకొని పలక చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ణట. చదువుకున్న పాఠాల్లో సీతమ్మ కథ అని ఒకటి. దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రాకుండా ఆపారన్న కథ. అది చదివి, ఊరూరా ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకొని వచ్చారు. మా అమ్మ ప్యాకెట్ల సంచీ లాక్కొని కాలవలో పారబోసినవాళ్ళలో ఉంది. 1993లో సారా ఆగింది, 1995లో మద్యమే ఆగింది, 1997లో తిరిగి వచ్చింది. మా నాయన 2001లో పోయాడు. మా అమ్మ నేర్చిన మొదటి పాఠం ఫలితం రెండేళ్ళో మూడేళ్ళో నిలిచింది. అక్షరాలు మాత్రం నిలిచాయి. నేను అలంకారశాస్త్రం దాకా వచ్చింది ఆ అక్షరాల మీదనే.

భరతముని రసాన్ని వివరించటానికి భోజనాన్నే ఉదాహరణ తెచ్చాడు. రకరకాల వ్యంజనాలతో సంస్కరించిన అన్నం తిని సుమనస్కులు సంతోషించినట్లు అన్నాడు. తినేవాళ్ళ మనస్సు గురించి చెప్పాడు. వండినవాడికి ఆ పూట తిండి ఉందా అన్న ప్రశ్న ఆ ఉపమానంలో ఇమడలేదు. ఇప్పుడు ఈ వైనును నేనేమనాలి? బాగుంది. బాగున్నదాన్ని బాగాలేదనటం విమర్శ కాదు. దాని వెనక రక్తముందని తెలిశాక రుచి మారిందని రాస్తే వినటానికి బాగుంటుందిగాని అబద్ధం. రుచి మారలేదు. నాలుకకు చరిత్ర తెలియదు. చరిత్ర నేను విడిగా తెలుసుకోవలసి వచ్చింది, ఆ రెండూ నాలో ఇప్పటికీ పొసగటం లేదు.

ఆ సగం గ్లాసులో ఒక గుక్క మింగాను. నాయన పోయాక మా అమ్మకు ఇచ్చిన మాట తప్పానని తెలిసే మింగాను. ఆమె చూసి ఏమీ అనలేదు. మిగిలినది కాళాంజిలో పోసి, పాత్ర తీసుకొని లోపలికి పోయింది.

ఆ రాత్రి ఫోను చేసి అమ్మకు ఉన్నది ఉన్నట్లు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"మింగావా?"

"ఒక గుక్క."

"ఎట్టుండాది?"

"నేరేడుపండు మాదిరి. వగరు."

"నేరేడుపళ్ళు ఈడ లేవా?" అంది. తరువాత కాస్సేపాగి, "ఆ తోటల్లో ఆడోళ్ళు ఉండారా? కూలెంత?" అని అడిగింది.

ఉన్నారన్నాను. 2012 చివర డి డోర్న్స్ అనే చోట తినే ద్రాక్ష తోటల కూలీలు రోడ్డెక్కారని, అప్పటిదాకా రోజు కూలి 69 రాండ్లని, 150 అడిగితే 2013 మార్చి నుంచి 105 చేశారని, ఆ సాయంత్రం విన్నదంతా చెప్పాను.

"రాండంటే మన లెక్కలో ఎంత?" అంది అమ్మ. చెప్పేసరికి పక్కన పెన్సిలు గీత చప్పుడు వినిపించింది.